రోగులంతా టీకా వేయించుకున్నవారే అయినప్పుడు

1985 వసంతంలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, కార్పస్ క్రిస్టీ పట్టణంలో బడి పిల్లలకు తట్టు సోకింది. అక్కడి రెండు పాఠశాలల్లో 1,806 మంది విద్యార్థుల రక్తాన్ని పరీక్షించారు. వారిలో నూటికి 99 మందికి పైగా తట్టు టీకా వేయించుకున్నట్టు రికార్డులు ఉన్నాయి. ఆ పరీక్ష తర్వాత 14 మందికి జబ్బు వచ్చింది. పద్నాలుగు మందీ టీకా వేయించుకున్నవారే.

టీకా వల్ల ఉపయోగం లేదని వాదించదలచుకున్నవారికి ఈ ఒక్క వాక్యం చాలు. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. అయితే అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. రక్తంలో తట్టు యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు, కనిపించినవారు 1,732 మంది. వారిలో ఒక్కరికీ జబ్బు రాలేదు. జబ్బుపడిన 14 మందీ యాంటీబాడీలు కనిపించని మిగతా 74 మందిలోని వారే. టీకా పడినా ఒంటికి పట్టని కొద్దిమందిని వైరస్ వెతుక్కుంటూ వెళ్లిందన్నమాట. ఒక్క డోసు పడినవారిలో ఇలా పట్టకపోవడం ఎక్కువగా, రెండు డోసులు పడినవారిలో తక్కువగా కనిపించింది. ఇలాంటి అనుభవాలు మరికొన్ని తోడయ్యాక, 1989లో అమెరికా తట్టుకు రెండో డోసును సిఫారసు చేసింది. ఒక డోసు సుమారు 93 శాతం, రెండు డోసులు 97 శాతం రక్షణ ఇస్తాయన్నది ఇప్పుడు స్థిరపడిన లెక్క.

టీకా వేయించుకున్నా జబ్బు వస్తుందా అనే ప్రశ్నకు జవాబు చాలా చిన్నది: వస్తుంది. మొట్టమొదటి టీకా నాటి నుంచీ కొందరికి వస్తూనే ఉంది. ఇంత తేలిక జవాబు ఉన్న ప్రశ్న మీద ఇన్నేళ్లుగా ఇంత రభస ఎందుకన్నదే ఆలోచించవలసిన విషయం. ఒక పక్షం రోగుల సంఖ్యను చూపిస్తుంది, ఎంతమందిలో అంతమంది అన్నది చెప్పదు. బడిలో నేర్చుకున్న మాటల్లో చెప్పాలంటే లవం ఉంటుంది, హారం ఉండదు. రెండో పక్షం అసలు జబ్బే రాదన్నంత ధీమాగా ముందు మాట ఇచ్చేసి, వచ్చాక సర్దిచెప్పుకుంటుంది. ఈ రెండో తప్పు తక్కువదేమీ కాదు. మొదటి దానికి బలం చాలావరకు దీని నుంచే వచ్చింది.

జెన్నర్ ఇచ్చిన హామీ

1811లో లండన్‌లోని గ్రోవ్‌నర్ ప్రభు కుటుంబంలో రాబర్ట్ అనే పదేళ్ల బాలుడికి మశూచి తీవ్రంగా సోకింది. ఆ పిల్లవాడికి పసితనంలో టీకా వేసింది మరెవరో కాదు, 1796లో మశూచి టీకాను పరీక్షించి చూపిన ఎడ్వర్డ్ జెన్నరే. బాలుడు కోలుకున్నాడు. కానీ జెన్నర్ స్వయంగా వేసిన టీకాయే పనిచేయకపోతే ఇక మిగతావారి గతి ఏమిటని ఊరంతా గగ్గోలు పెట్టింది. టీకా వేయించుకున్నవాడికి ఇక జీవితాంతం మశూచి రాదని 1798 నాటి తన పుస్తకంలో జెన్నర్ రాసుకున్నాడు. ఆ నమ్మకానికి అప్పటికి ఆధారం రెండేళ్ల అనుభవమే. రెండేళ్లలో జీవితాంతం సంగతి ఎవరు మాత్రం చెప్పగలరు?

ఆ తర్వాత దశాబ్దాల్లో తేలిందేమిటంటే, మశూచి టీకా ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది, మళ్లీ వేయించుకోవాలి. ప్రష్యా సైన్యం 1834లోనే సైనికులకు రెండోసారి టీకా తప్పనిసరి చేసింది. బ్రిటన్ మాత్రం 1853లో పసిపిల్లలకు టీకాను నిర్బంధం చేసి, పెద్దయ్యాక మళ్లీ వేయించే సంగతిని గాలికి వదిలేసింది. 1871-72లో మశూచి విజృంభించినప్పుడు చిన్నప్పుడెప్పుడో టీకా పడిన పెద్దలు చాలామంది మంచాన పడ్డారు. జరిమానాలు కట్టి, జైలుకు కూడా వెళ్లిన తల్లిదండ్రులకు ఇది చూస్తే ఒళ్లు మండటం సహజం. 1885లో లెస్టర్ నగరంలో టీకా నిర్బంధానికి వ్యతిరేకంగా వేలాది మంది ఊరేగింపు తీశారు. 1898లో మనస్సాక్షి కారణంగా టీకాను నిరాకరించే వీలు కల్పిస్తూ చట్టాన్ని సవరించక తప్పలేదు.

టీకా పడ్డాక మశూచి సోకినవారిలో చాలామందికి కాస్త పలచగా పొక్కులు లేచేవి, చనిపోయేవారు బాగా తక్కువ. వైద్యులు దీన్ని స్వల్ప రూపంగా గుర్తించి వేరే పేరుతోనే పిలిచేవారు. కానీ అప్పటి కరపత్రాల యుద్ధంలో ఈ తేడాకు చోటు దొరకలేదు. జబ్బు వచ్చిందా, లేదా అన్నదే లెక్క. చివరకు ఇలా అప్పుడప్పుడూ తప్పిపోయే టీకాతోనే, రోగుల చుట్టూ ఉన్నవారిని వెతికి పట్టుకుని టీకాలు వేసే పద్ధతిని జతచేసి, మశూచిని భూమి మీద లేకుండా చేశారు. 1980 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆ సంగతిని అధికారికంగా ప్రకటించింది.

తొంభై అయిదు శాతం దేనికి?

కోవిడ్ నాటి వివాదంలో కూడా ఇదే వరస. 2020 చివర్లో ఫైజర్-బయోఎన్‌టెక్ టీకా ప్రయోగ ఫలితాలు వచ్చాయి. టీకా పొందిన 18,198 మందిలో 8 మందికి, ఉత్తుత్తి సూది వేయించుకున్న 18,325 మందిలో 162 మందికి కోవిడ్ వచ్చింది. దీని నుంచే 95 శాతం అనే సంఖ్య పుట్టింది. ఆ సంఖ్య వినగానే వందమంది టీకా వేయించుకుంటే అయిదుగురికి జబ్బు వస్తుందని చాలామంది అర్థం చేసుకున్నారు. లెక్క అది కాదు. టీకా లేని పక్షంలో 162 మందికి రావలసిన జబ్బు టీకా వల్ల 8 మందికి తగ్గింది, ఆ తగ్గుదల 95 శాతం. రెండు నెలల కాలంలో టీకా పొందినవారిలో జబ్బుపడింది వందకు అయిదుగురు కాదు, పదివేలకు నలుగురైదుగురు. ఉత్తుత్తి సూది పొందినవారిలో సైతం వందకు ఒక్కరికి లోపే.

ఇదే లెక్కను తిరగేసి, టీకా వల్ల నిజంగా తగ్గిన ముప్పు 0.84 శాతమేనంటూ ఇంకో వాదన పుట్టింది. అదీ తీసివేత వరకు సరైనదే. కాకపోతే ఆ 0.84 కేవలం ఆ రెండు నెలలకు, ఆ నెలల్లో ఆ ఊళ్లలో ఉన్న వ్యాప్తికి మాత్రమే చెల్లుతుంది. జబ్బు ఎక్కువగా తిరిగేచోట అది పెరుగుతుంది, తక్కువగా ఉన్నచోట తగ్గుతుంది. టీకా శక్తిని కొలిచే సంఖ్యను, చుట్టూ ఉన్న ముప్పును కొలిచే సంఖ్యను ఒకే గాటన కట్టడంతోనే చిక్కు వచ్చింది.

ఇంతకంటే ముఖ్యమైన విషయం, ఆ ప్రయోగంలో దేన్ని లెక్కపెట్టారన్నది. జ్వరం, దగ్గు వంటి లక్షణాలు ఉండి, పరీక్షలో వైరస్ బయటపడినవారినే లెక్కించారు. అదీ రెండో డోసు పడి ఏడు రోజులు గడిచాకే. లక్షణాలు లేకుండా వైరస్ సోకినవారు ఎందరు, టీకా పడినవారు ఇతరులకు అంటిస్తారా లేదా అన్నవి ఆ ప్రయోగానికి సంబంధించిన ప్రశ్నలే కావు. 2020 డిసెంబరు 11న అత్యవసర అనుమతి ఇస్తూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చేసిన ప్రకటనలోనే, టీకా వైరస్ వ్యాప్తిని ఆపుతుందనడానికి ఆధారం లేదని స్పష్టంగా ఉంది. రెండేళ్ల తర్వాత, 2022 అక్టోబరులో ఐరోపా పార్లమెంటు కమిటీ ముందు ఫైజర్ ప్రతినిధి ఇదే సంగతి చెబితే, దాచిన రహస్యం బయటపడిందన్నట్టు ప్రపంచమంతా మారుమోగింది. కాగితం మీద మొదటి రోజు నుంచీ ఉన్న విషయం అంతమందికి కొత్తగా అనిపించిందంటే, మధ్యలో ఆ కాగితాన్ని పక్కన పెట్టి మాట్లాడినవారు ఎవరో ఒకరు ఉండాలి కదా.

ఉన్నారు. టీకా పడినవారు వైరస్‌ను మోసుకెళ్లరు, జబ్బుపడరు అన్న అర్థంలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సారథి 2021 మార్చి చివర్లో టీవీలో అన్నారు. కొద్ది రోజులకే ఆ సంస్థ ఆ మాటను సవరించుకుంది. అదే ఏడాది జులైలో అధ్యక్షుడు జో బైడెన్ ఒక బహిరంగ చర్చలో, టీకాలు వేయించుకుంటే కోవిడ్ రాదనే చెప్పారు. అప్పటికే డెల్టా రకం దేశాన్ని చుట్టుముడుతోంది. జనాన్ని టీకా వైపు నడిపించాలన్న తొందరలో అరచేతిలో వైకుంఠం చూపించారు. ఆ తర్వాత ఇంట్లో, పక్కింట్లో టీకా పడినవారే దగ్గుతూ కనిపిస్తే, జనం ఎవరి మాట నమ్మాలి? తమ కళ్లతో చూసినదాన్నే నమ్ముతారు. అందులో వారి తప్పేమీ లేదు.

ముక్కు దగ్గర ఒకటి, ఊపిరితిత్తుల్లో ఒకటి

కొన్ని టీకాలు జబ్బును దాదాపు పూర్తిగా ఆపుతుంటే కొన్ని తీవ్రతను మాత్రమే ఎందుకు తగ్గిస్తాయి? జవాబులో ఎక్కువ భాగం టీకా నాణ్యతలో లేదు, వైరస్ నడకలో ఉంది.

తట్టు వైరస్ ఒంట్లోకి చేరాక జబ్బు బయటపడటానికి 10 నుంచి 12 రోజులు పడుతుంది. మశూచికీ దాదాపు అంతే. ఈ వైరస్‌లు ముందు లోపల ఒకచోట పెరిగి, రక్తంలో కలిసి, అప్పుడు ఒళ్లంతా పాకుతాయి. టీకా వల్ల ఏర్పడిన జ్ఞాపక కణాలు శత్రువును గుర్తుపట్టి, విభజన చెంది, యాంటీబాడీలను పెద్ద ఎత్తున తయారు చేయడానికి కొద్ది రోజులు కావాలి. పది పన్నెండు రోజుల గడువు వాటికి ధారాళంగా సరిపోతుంది. పైగా రక్తంలోనే దారి కాసే అవకాశం ఉంది.

ఫ్లూ వైరస్‌కు ఆ ఓపిక లేదు. సోకిన రెండు రోజులకే ఒళ్లునొప్పులు, జ్వరం. కోవిడ్ తొలి రకాలకు సగటున అయిదు రోజులు పట్టేది, ఒమిక్రాన్‌కు అది మూడు రోజులకు తగ్గింది. ఇవి ముక్కులో, గొంతులో పెరుగుతాయి. జ్ఞాపక కణాలు లేచి సిద్ధమయ్యేలోపే అక్కడ వైరస్ తన పని పూర్తి చేసుకుంటుంది. ఆ క్షణంలో అడ్డుకోగలిగేవి అప్పటికే అక్కడ తిరుగుతున్న యాంటీబాడీలు మాత్రమే. కండరంలోకి వేసే సూది రక్తంలో యాంటీబాడీలను దండిగా పెంచుతుంది కానీ, ముక్కు, గొంతుల తడిపొరల్లో కాపలా కాసే రకాన్ని అంతగా పెంచలేదు. టీకా పడిన కొత్తలో రక్తంలోనివి కొంత అక్కడికీ చేరతాయి కాబట్టి కొన్ని నెలలు స్వల్ప జబ్బు కూడా తక్కువగానే వస్తుంది. నెలలు గడిచి రక్తంలో మోతాదు తగ్గగానే మొదట ఖాళీ అయ్యేది ముక్కు దగ్గరి కాపలాయే.

ఊపిరితిత్తుల కథ వేరు. కోవిడ్‌లో ఊపిరి అందని పరిస్థితి సాధారణంగా లక్షణాలు మొదలైన వారం రోజులకు గాని రాదు. అప్పటికి జ్ఞాపక కణాలు మేల్కొని రంగంలోకి దిగి ఉంటాయి. అందువల్ల ఒకే టీకా, ఒకే మనిషిలో, ఒకే వారంలో ముక్కు దగ్గర ఓడిపోయి ఊపిరితిత్తుల్లో గెలుస్తుంది. జబ్బు వచ్చిందని చెప్పేవారూ, టీకా కాపాడిందని చెప్పేవారూ ఆ మనిషినే చూపిస్తూ ఉండవచ్చు.

ఇది కోవిడ్ టీకాకే ఉన్న లోపం కాదు. సూది ద్వారా ఇచ్చే పోలియో టీకా వైరస్‌ను రక్తంలో అడ్డుకుని నరాల దాకా పోనివ్వదు, అందుకే చచ్చుబడటం ఉండదు. పేగుల్లో వైరస్ పెరగడాన్ని మాత్రం అది గట్టిగా ఆపలేదు. అప్పట్లో సూది టీకా మాత్రమే వాడిన ఇజ్రాయెల్‌లో 2013లో మురుగునీటిని పరీక్షిస్తే దక్షిణ ప్రాంతంలో పోలియో వైరస్ నెలల తరబడి తిరుగుతోందని తేలింది. ఎంతమంది పిల్లల పేగుల్లోంచి వస్తే మురుగులో అంత వైరస్ చేరుతుందో ఊహించుకోవచ్చు. అయినా ఒక్క బిడ్డకూ కాళ్లు చచ్చుబడలేదు. వ్యాప్తిని కూడా ఆపడానికి ఆ ఏడాది పిల్లలకు చుక్కల మందు వేశారు. కోరింత దగ్గుకు ఇప్పుడు చాలా దేశాల్లో వాడే టీకా మీద అమెరికా ప్రభుత్వ పరిశోధకులు బబూన్ కోతుల్లో చేసిన అధ్యయనం కూడా ఆ ఏడాదే వెలువడింది. టీకా పడిన కోతులకు దగ్గు రాలేదు. బ్యాక్టీరియా మాత్రం వాటి గొంతులో వారాల పాటు ఉండి, పక్కనున్న కోతులకు అంటుకుంది.

కాబట్టి సోకడం, లక్షణాలు రావడం, ఆస్పత్రి పాలవడం, చనిపోవడం, ఇతరులకు అంటించడం అనేవి అయిదు వేర్వేరు సంగతులు. ఒక్కో టీకా ఒక్కో దాన్ని ఒక్కో మేరకు తగ్గిస్తుంది. అయిదింటినీ గంపగుత్తగా ఒక్క ప్రశ్నలో కుక్కి అవును, కాదు అని తేల్చమంటే కాకిలెక్కలు తప్ప ఇంకేం వస్తాయి?

ఆస్పత్రిలో సగానికి పైగా

2021 జులైలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సముద్రతీర పట్టణం ప్రావిన్స్‌టౌన్‌లో వేసవి సందడికి చేరిన జనంలో కోవిడ్ పాకింది. ఆ రాష్ట్రవాసుల్లో బయటపడిన 469 కేసుల్లో 346, అంటే 74 శాతం, పూర్తిగా టీకాలు వేయించుకున్నవారివి. వారి ముక్కుల్లో వైరస్ మోతాదు టీకా లేనివారితో సమానంగానే ఉన్నట్టు పరీక్షలు సూచించాయి. ఆ నెలాఖరుకు టీకా పడినవారికీ మాస్కుల సూచన మళ్లీ వచ్చింది. 74 అన్న సంఖ్య ప్రపంచమంతా తిరిగింది. ఆ ఊళ్లో ఆ రోజుల్లో చేరినవారిలో టీకా పడినవారు ఎంతమంది? ఆ సంఖ్య ఎవరి దగ్గరా లేదు. అది లేకుండా 74 శాతం ఎక్కువో తక్కువో చెప్పడం కుదరదు. ఆ కేసుల్లో ఆస్పత్రిలో చేరినవారు అయిదుగురు, మరణాలు లేవు అన్న మాట మాత్రం అంత దూరం ప్రయాణించలేదు.

అంతకు కొద్ది నెలల ముందు, 2021 మే 1 నుంచి, టీకా పడ్డాక వచ్చే స్వల్ప కేసులను లెక్కపెట్టడం అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం మానేసింది. ఆస్పత్రి కేసులు, మరణాలు చాలనుకుంది. ముఖ్యమైనవాటి మీద దృష్టి పెట్టాలనే ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే అయినా, అది దూరదృష్టి లేని నిర్ణయం. జనం నోట ఉన్న ప్రశ్నకు జవాబివ్వగల లెక్కను సరిగ్గా అది అవసరమయ్యే ముందే ఆపేశారు.

హారం అందుబాటులో ఉన్నచోట కూడా చూపు ఎలా మోసపోతుందో చెప్పడానికి ఇజ్రాయెల్ లెక్కలకు మించినది లేదు. 2021 ఆగస్టు మధ్యలో ఆ దేశ ఆస్పత్రుల్లో విషమ స్థితిలో ఉన్నవారు 515 మంది. వారిలో 301 మంది రెండు డోసులు వేయించుకున్నవారు, 214 మంది టీకా లేనివారు. సుమారు 58 శాతం టీకా పడినవారే. టీకా చేతులెత్తేసిందని చాలామంది తేల్చేశారు.

ముందు హారం పెట్టి చూద్దాం. అప్పటికి టీకా వేయించుకున్నవారు 56 లక్షల పైచిలుకు, అర్హత ఉండీ వేయించుకోనివారు 13 లక్షలు. లక్ష మందికి లెక్కిస్తే టీకా పడినవారిలో 5.3, పడనివారిలో 16.4 విషమ కేసులు. అంటే రక్షణ 67.5 శాతం. ముందే చెప్పిన 95తో పోలిస్తే ఇదీ నిరాశపరిచేదే.

ఇప్పుడు వయసును బట్టి విడదీయాలి. యాభై ఏళ్ల లోపువారిలో టీకా లేనివారికి లక్షకు 3.9, ఉన్నవారికి 0.3. రక్షణ దాదాపు 92 శాతం. యాభై దాటినవారిలో టీకా లేనివారికి 91.9, ఉన్నవారికి 13.6. రక్షణ 85 శాతం. రెండు వర్గాల్లోనూ 85కు తగ్గని రక్షణ, రెండింటినీ కలిపితే 67కు ఎలా పడిపోయింది? పెద్దవారిలో నూటికి 92 మంది టీకా వేయించుకున్నారు. వేయించుకోనివారిలో నూటికి 86 మంది యాభై లోపువారు. కలిపి చూసినప్పుడు జరుగుతున్నది టీకా ఉన్నవారికీ లేనివారికీ మధ్య పోలిక కాదు, చాలావరకు పెద్దలకూ పిన్నలకూ మధ్య పోలిక. గణాంక శాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు.

ఇదే పట్టికలో ఎవరూ పెద్దగా పట్టించుకోని పోలిక ఇంకొకటి ఉంది. టీకా పడిన పెద్దల ముప్పు 13.6, టీకా పడని పిన్నల ముప్పు 3.9. అంటే రెండు డోసులు వేయించుకున్న పెద్దాయనకు, అసలు వేయించుకోని కుర్రవాడి కంటే మూడున్నర రెట్ల ప్రమాదం. తాతగారు టీకాలన్నీ వేయించుకుని ఆస్పత్రిలో చేరారు, మనవడు ఒక్కటీ వేయించుకోకుండా దిట్టంగా తిరుగుతున్నాడు అని చెప్పేవారు కళ్లతో చూసింది అబద్ధం కాదు. చూడలేకపోయినది, ఆ తాతగారు టీకా లేకుండా ఉంటే 13.6 స్థానంలో 91.9 ఉండేదన్నది. జరగనిదాన్ని ఎవరూ కళ్లతో చూడలేరు. టీకాల గురించిన ప్రతి వాదనలోనూ ఈ అసమానత ఉంటుంది: వచ్చిన జబ్బుకు ముఖం ఉంటుంది, రాని జబ్బుకు ఉండదు.

హారమే అనుమానాస్పదమైతే

లెక్క పెట్టడం తెలిసినవారికి హారం ఉంటే చాలు అనుకోవడం కూడా తొందరపాటే. 2021 శరదృతువులో బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ ఇంగ్లండ్ గురించి వారం వారం ప్రచురించిన పట్టికల్లో, నలభై దాటిన పలు వయసు వర్గాల్లో టీకా పడినవారిలోనే కేసుల రేటు ఎక్కువగా కనిపించింది. ఈసారి హారం ఉంది, వయసులూ విడదీసి ఉన్నాయి. మరి టీకా హాని చేస్తున్నట్టేనా?

టీకా వేయించుకున్నవారి సంఖ్య రికార్డుల్లో కచ్చితంగా ఉంటుంది. వేయించుకోనివారిని ఎవరూ లెక్కపెట్టరు. మొత్తం జనాభాలోంచి తీసివేయగా మిగిలేదే ఆ సంఖ్య. మొత్తం జనాభా అంచనాలో చిన్న తేడా వస్తే, ఆ తేడా అంతా ఈ మిగిలిన సంఖ్య మీదే పడుతుంది. ఉదాహరణకు ఒక వయసు వర్గంలో నిజంగా లక్ష మంది ఉండి, 92,000 మంది టీకా వేయించుకున్నారనుకుందాం. వేయించుకోనివారు 8,000. ఊరు వదిలి వెళ్లినవారి పేర్లు, రెండుసార్లు నమోదైన పేర్లు కలిసి జాబితాలో 1,06,000 ఉంటే, వేయించుకోనివారు 14,000 అయిపోతారు. ఆరు శాతం పొరపాటు వారి కేసుల రేటును దాదాపు సగానికి దించేస్తుంది. ఆరోగ్య భద్రతా సంస్థ వాడిన ఆరోగ్య రికార్డుల జాబితాలో పేర్లు దేశ గణాంక కార్యాలయం జనాభా అంచనా కంటే లక్షల్లో ఎక్కువగా ఉన్నాయి. టీకా పడినవారు పరీక్షలు చేయించుకోవడానికి ఎక్కువగా ముందుకు రావడం వంటి తేడాలు వీటికి తోడు. ఈ పట్టికలు తప్పుదోవ పట్టిస్తున్నాయని గణాంకాల నియంత్రణ కార్యాలయమే లేఖ రాసి హెచ్చరించింది. వాటి కింద వివరణలు చేర్చారు, తర్వాతి ఏడాది ఆ పట్టికలను ఆపేశారు. ఆపేయడంతో అనుమానాలు తగ్గలేదు సరికదా పెరిగాయి.

విమర్శకులు చెప్పినవన్నీ ఇలా తేలిపోయేవి కావు. రెండో డోసు తర్వాత 14 రోజులు గడిస్తేనే పూర్తిగా టీకా పొందినవారిగా లెక్కించడం రివాజు. టీకా పని మొదలుపెట్టడానికి ఆ సమయం కావాలి కనుక అందులో అర్థం ఉంది. కానీ ఆ మధ్యకాలంలో జబ్బుపడినవారిని విడిగా చూపకుండా టీకా లేనివారి పద్దులో వేస్తే టీకా ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే ముందుగా టీకాకు వెళతారన్న అభ్యంతరం ఇంకా బలమైనది. ఫ్లూ టీకా విషయంలో 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం దీన్ని కుండబద్దలు కొట్టినట్టు చూపించింది. టీకా వేయించుకున్న వృద్ధుల్లో మరణాలు తక్కువగా ఉన్నాయి, నిజమే. ఆ తేడా ఫ్లూ ఇంకా మొదలుకాని నెలల్లో కూడా ఉంది, పైగా అప్పుడే ఎక్కువగా ఉంది. లేని ఫ్లూ నుంచి టీకా కాపాడలేదు కదా. మంచాన పడి క్లినిక్ దాకా రాలేని వృద్ధులే టీకాకు దూరమయ్యారన్నమాట. యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి పోల్చే ప్రయోగాలకు వైద్యులు అంత విలువ ఇచ్చేది అందుకే.

ఫ్లూ టీకాతోనే ఫ్లూ వచ్చిందనే ఫిర్యాదును మాత్రం తేలిగ్గానే పక్కన పెట్టవచ్చు. సూది ద్వారా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికి ఉన్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజుల జ్వరం, చేయి నొప్పి రోగనిరోధక శక్తి మేల్కొన్న గుర్తులు. టీకాలు వేసే కాలం, జలుబుల కాలం ఒకటే కావడం మిగతా పని చేస్తుంది. అయితే ఫ్లూ టీకా రక్షణ స్థాయి నిజంగానే తక్కువ. వైరస్ రకం కుదిరిన ఏడు 40 నుంచి 60 శాతం. కుదరని 2014-15లో అమెరికాలో అది 19 శాతానికి పడిపోయింది.

నిర్బంధానికి ఆధారం ఏది?

ఈ చర్చ లెక్కల దగ్గరే ఆగి ఉంటే పండితుల తగవుగా మిగిలేది. ఉద్యోగాలు, ప్రయాణాలు, హోటల్ ప్రవేశాలు టీకా కాగితం మీద ఆధారపడినప్పుడు అది అందరి తగవు అయింది. టీకా వేయించుకోనివాడు ఇతరులకు ప్రమాదం అన్నదే ఆ నిబంధనలకు మూలం. అది నిలవాలంటే టీకా అనేది జబ్బు వ్యాప్తిని గట్టిగా తగ్గించాలి. డెల్టా కాలంలో బ్రిటన్‌లో ఒకే ఇంట్లో ఉన్నవారిని పరిశీలించిన అధ్యయనం 2021 అక్టోబరులో వచ్చింది. ఇంట్లో ఒకరికి కోవిడ్ వస్తే, టీకా పడిన మిగతావారిలో 25 శాతానికి, పడనివారిలో 38 శాతానికి సోకింది. తగ్గుదల ఉంది, కానీ ఓ మోస్తరుది. ఇంట్లోకి జబ్బు తెచ్చిన వ్యక్తికి టీకా పడిందా లేదా అన్నదానివల్ల ఇతరులకు అంటడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

2021 నవంబరు చివర్లో ఒమిక్రాన్ వచ్చింది. ఇంగ్లండ్ లెక్కల ప్రకారం ఫైజర్ రెండు డోసులు లక్షణాలతో కూడిన ఒమిక్రాన్ నుంచి మొదటి వారాల్లో 65.5 శాతం రక్షణ ఇచ్చాయి. 25 వారాలు దాటేసరికి అది 8.8 శాతం. బూస్టర్‌తో మళ్లీ 67 శాతానికి పెరిగి, పది వారాలు దాటాక 46కు దిగింది. ఆస్పత్రి పాలవకుండా ఇచ్చే రక్షణ ఇంతకంటే చాలా ఎక్కువ కాలం నిలిచింది. ఆ స్థితిలో ఆరు నెలల కిందటి టీకా కాగితం చూపి సినిమా హాల్లోకి వెళ్లిన మనిషి పక్కవాడికి ఎంత సురక్షితమన్న ప్రశ్నకు నిబంధనలు పెట్టినవారి దగ్గర నిలకడైన జవాబు లేకపోయింది. టీకా వేయించుకున్నవాడికి టీకా మేలు చేస్తుందనే వాదన బలంగానే ఉంది. పక్కవాడి కోసం బలవంతం చేయవచ్చన్న వాదన మాత్రం డెల్టాతో బలహీనపడి, ఒమిక్రాన్‌తో దాదాపు కూలిపోయింది. చాలా ప్రభుత్వాలు ఆ తేడాను ఒప్పుకోవడానికి నెలలు తీసుకున్నాయి.

ఇప్పుడు విధానాలే మారాయి. బ్రిటన్‌లో 2022 శరదృతువులో యాభై దాటినవారికి, 2023లో అరవై అయిదు దాటినవారికి కోవిడ్ టీకా ఇచ్చారు. 2025 నాటికి అది డెబ్బై అయిదు దాటినవారికి, వృద్ధాశ్రమాల్లో ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి పరిమితమైంది. ఒక్కొక్కరిని ఆస్పత్రి పాలవకుండా చూడటానికి ఎంతమందికి టీకా వేయాలన్నదే అక్కడి సలహా సంఘం లెక్క. టీకా వేయించుకున్న డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి నాలుగు నెలల తర్వాత మూడు రోజులు జలుబు, జ్వరం వస్తే ఆ లెక్కలో అది ఎక్కడా నమోదు కాదు.